గార్డు పైకి కట్టను

మా వీధిలో నా గురించి ఒక మాట తిరుగుతుంటుంది. మొగుడు బతికుండగానే గాజులు తీసేసి మిషన్ ముందు నిలబడుతుందని. ఆ మాట నిజమే. రోజూ తీస్తాను. పని అయిపోయాక మళ్ళీ వేసుకుంటాను. ఒక్కోరోజు మరిచిపోతాను కూడా. ఇదంతా ఎందుకు మొదలయిందో ఇంకొకళ్ళు చెప్పుకునేకంటే నేనే రాసిపెట్టడం మేలనిపించింది. మా ఆయన మొత్తం చదివి, ఒకటి రెండు చోట్ల చాలాసేపు ఆగి, "ఉండనీ, గట్లనే ఉండనీ" అన్నారు. అందుకే ఆయన సంగతులు కూడా ఏమీ దాచడం లేదు.

మా ఆయన వడ్రంగి. జహీరాబాద్‌లో ఝరాసంగం ఆటోలు ఆగే చోటికి కొంచెం ఇవతల మాకో రేకుల షెడ్డు ఉంది. దర్వాజాలు, కిటికీలు, మంచాలు, ఫోటో ఫ్రేములు చేసేవారు. ఆయన కోస్తే నేను గరుకు కాగితంతో రుద్ది పాలిష్ పెట్టేదాన్ని. పెళ్ళయిన దగ్గర్నుంచీ కర్ర మధ్యనే ఉన్నాను. టేకు ఏదో, వేప ఏదో కళ్ళు మూసుకుని వాసన చూసి చెప్పగలను. కానీ కోసే పని మాత్రం ఆయనదే. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

షెడ్డులో అన్నిటికంటే ముఖ్యమైనది మైటర్ మిషన్. బల్ల మీద కూర్చుని, గుండ్రటి బ్లేడుతో పైనుంచి కిందికి దిగి కోసే మిషన్ అది. మాది బ్లేడు, మోటారు ఉండే తల పక్కలకు తిరిగే రకమే కాదు, ఒక పక్కకు వాలే రకం కూడా. ఫ్రేము మూలలు అతకాలంటే అదే దిక్కు. బ్లేడు చుట్టూ ఒక గార్డు ఉంటుంది. తల కిందికి దించుతుంటే తనంతట తనే పైకి జరుగుతుంది, తల ఎత్తగానే మళ్ళీ వచ్చి బ్లేడును కప్పేస్తుంది. మా మిషన్‌కు ఆ గార్డును ఇనుప తీగతో పైకి లాగి కట్టేసి ఉండేది. మా ఊళ్ళో నేను చూసిన మిషన్లన్నిటికీ అట్లాగే కట్టేసి ఉండేది. అది అట్లానే ఉంటుందేమో అనుకునేదాన్ని.

ఆరోజు పొద్దున పదిన్నర అయ్యుంటుంది. నేను షెడ్డు ముందు మంచం కోళ్ళు రుద్దుతున్నాను. లోపల మిషన్ చప్పుడు ఒక్క క్షణం మారింది. అంతే, మారింది. అరుపు కూడా వినపడలేదు. తిరిగి చూస్తే ఆయన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, మొహం తెల్లగా అయిపోయి, నా వైపే నడిచి వస్తున్నారు. వేలెడంత చిన్న ముక్కను చేత్తో పట్టుకుని కోయబోయారట. ముక్క తిరిగింది, చెయ్యి దానితోపాటు బ్లేడు మీదికి పోయింది. ఇక్కడి దవాఖానలో కట్టు కట్టి పట్నం పంపారు. చూపుడువేలు రెండు కణుపులు పోయాయి. బొటనవేలు నిలిచింది కానీ వంగదు.

రెండు నెలలకు గాయం మానింది. వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు, ఆ మిషన్ అమ్మెయ్యమని. మా అత్తమ్మ అయితే షెడ్డులోకి రావడమే మానేసింది. 

"ఆ మిషన్ రక్తం చూసింది బిడ్డా. ఇగ ఇంట్ల ఉండొద్దు."

"మిషన్ ఏం చూస్తది అత్తమ్మా? చూసింది మనం."

"నీకు సమజ్ కాదు. అచ్చిరానిది అచ్చిరాదు."

పాత సామాన్లు కొనే ఆయనను కూడా ఆమే పిలిపించింది. ఆయన ఆటో తీసుకుని వచ్చాడు. మా ఆయన గడపలో కూర్చుని నేల చూస్తున్నారు, ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. నేను పోయి మిషన్‌కు, ఆటోకు మధ్య నిలబడ్డాను. అమ్మేది లేదన్నాను. ఎవరు నడుపుతారమ్మా అని కొనే ఆయన మర్యాదగానే అడిగాడు. నేను నడుపుతానన్నాను. ముందుగా అనుకున్న మాట కాదది. నోట్లోంచి వచ్చేసింది. ఆయన నవ్వలేదు కానీ ఆటో డ్రైవర్ నవ్వాడు. ఆ నవ్వు వినపడకపోయుంటే ఇంటికెళ్ళాక మనసు మార్చుకునేదాన్నేమో, చెప్పలేను.

నేర్పమని మా ఆయనను అడిగితే మూడు వారాలు మాట దాటేశారు. చెయ్యి పనికిరాదు కాబట్టి నేర్పలేనన్నారు. నిజానికి ఆ మిషన్‌కు కుడి చెయ్యి చాలు, ముక్కను బల్లకు బిగించే క్లాంపు పట్టుకుంటుంది. అసలు సంగతి నాకు అంతకుముందే తెలిసింది. పక్క షెడ్డులో గ్రైండర్ మోగితే చాలు, ఆయన చేతిలోని చాయ్ తొణికేది. లేచి రోడ్డు మీదికి పోయేవారు. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే పోయి మిషన్ మీది పరదా తీశాను. తీగ అట్లాగే ఉంది, గార్డు పైకి కట్టేసి. మా ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"గిది ఎవరు కట్టిన్రు?" అన్నాను. కొన్నప్పుడే కట్టేసి వచ్చిందని, అమ్మినవాడిదే తప్పని లోపల్లోపల ఇన్నాళ్ళుగా వాణ్ణి తిట్టుకుంటున్నాను.

తీగ వైపే చూస్తూ అన్నారు. "నేనే కట్టిన."

"ఎందుకు?"

"గీత కనపడదని. జల్ది అయితదని. అందరు కట్టిన్రు, నేను కూడ కట్టిన."

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. పట్కారు తీసుకుని తీగ కత్తిరించాను. గార్డు టక్కుమని కిందికి వచ్చి బ్లేడును కప్పింది. ఆయన లోపలికి వచ్చారు. నేరుగా గోడ దగ్గరికి పోయి ముందు ప్లగ్గు పీకి, దాని వైరు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"బ్లేడు ముట్టాలన్నా, ఏదన్న బిగించాలన్నా, గిది నీ కండ్ల ముందర ఉండాలె. గోడకు ఉండొద్దు."

అదే మొదటి పాఠం. ఆ తర్వాత పది రోజులు ప్లగ్గు పెట్టనివ్వలేదు. కరెంటు లేని మిషన్‌తోనే కోశాను. తల దించడం, ఎత్తడం, దించడం. ముక్కను వెనకనున్న ఇనుప అడ్డుకు ఆనించి క్లాంపు బిగించడం. అడ్డుకు, ముక్కకు మధ్య కాగితం దూరేంత సందున్నా తీసి మళ్ళీ పెట్టించేవారు. కర్ర వంగి ఉంటే ఉబ్బిన వైపు అడ్డుకు ఆనాలి. అట్లా కాకుండా గుంటపడిన వైపు అడ్డుకు పెడితే, కోస్తుండగా కోత మూసుకుని బ్లేడును పట్టేస్తుందట. పొడుగు కర్ర అయితే రెండో కొస కింద స్టూలు ఉండాలి. నా ఎడమ చెయ్యి బ్లేడుకు జానెడు దూరంలో ఉండాలి. ఆ జాన ఎంతో బల్ల మీద ఎర్ర రంగుతో గీత గీశారు. చేతులు ఒకదాని మీదుగా ఒకటి పోకూడదు. చిన్న ముక్క కావాలంటే పొడుగు కర్ర నుంచే కోసుకోవాలి, చిన్న ముక్కను పట్టుకుని దాన్ని ఇంకా చిన్నది చేయబోకూడదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

చేతి తొడుగులు కొనుక్కొచ్చాను, మంచిపని చేశాననుకుంటూ. వాటిని తీసి కిటికీలో పడేశారు.

"రుద్దేటప్పుడు తొడుక్కో. గిక్కడ వద్దు. ఒక్క దారం బ్లేడుకు చిక్కిందంటే చెయ్యి మొత్తం గుంజుకపోతది."

తర్వాత నన్ను పైనుంచి కిందికి చూశారు. కొంగు, జడ, పుస్తెలతాడు. చివరికి చూపు నా చేతుల దగ్గర ఆగింది. చేతికి పన్నెండు మట్టిగాజులు. ఆయన నోట ఆ మాట రాలేదు. ఏ మొగుడి నోటా రాదేమో. నేనే బయటికి పోయి, తొట్టి దగ్గర సబ్బు రుద్దుకుని ఒక్కొక్కటీ తీశాను. నాలుగు పగిలాయి. పుస్తెలతాడు జాకెట్టు లోపలికి వేసుకున్నాను. కొంగు నడుముకు దోపి, పైన ఆయన పాత చొక్కా తొడుక్కుని చేతులు మోచేతి పైదాకా బిగుతుగా మడిచాను. కొప్పు ముడేశాను. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ, చెవులకు మూతలు. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది.

సాయంత్రం అత్తమ్మ నా బోసి చేతులు చూసింది. చేతిలో రొట్టె పిండి ఉంది, దాన్ని అట్లాగే వదిలేసి లేచింది.

"నా కొడుకు బతికే ఉన్నడే! ఏందే గిది?"

"బతికుండాలనే తీసిన అత్తమ్మా. నేను బతకాలె, ఆయన బతకాలె."

"ఊరంతా ఏమనుకుంటది?"

"ఆయన వేలు పోయిన్నాడు నా చేతికి నిండ గాజులున్నయి. ఉండి ఏం ఆపినయి?"

ఆ మాట ఆమెకు తగిలింది. తగలాలనే అన్నాను, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. రెండు రోజులు ఆమె నా చేతి వంట తినలేదు, పక్కింట్లో తిన్నది. మూడో రోజు ఇంట్లోనే తిన్నది కానీ నాతో మాట్లాడలేదు. మా బంధువుల్లో ఒకామె చుట్టపుచూపుగా వచ్చి రెండు డజన్ల గాజులు నా చేతిలో పెట్టి, "తొడుక్కో బిడ్డా, మంచిగుండదు" అంది. తీసుకున్నాను. మర్నాడు పొద్దున అవి కూడా తీసేశాను.

పదకొండో రోజు ప్లగ్గు పెట్టాను. మా ఆయన గీత గీసి ఇచ్చి, క్లాంపు చూసి, బయటికి వెళ్ళిపోయారు. స్విచ్ నొక్కితే మిషన్ చప్పుడు నా పళ్ళలోకి ఎక్కింది. బ్లేడు పూర్తి వేగం అందుకునేదాకా ఆగాలి, ఆగాను. మెల్లగా దించాను. కర్ర రెండయింది. ఎంత సులువుగా అయిందంటే నాకు నమ్మకం కలగలేదు.

వారం పోయేసరికి ధైర్యం ఎక్కువైంది. అది కూడా చెప్పాలి. కోశాక స్విచ్ వదిలి, తల కిందే ఉంచి, బ్లేడు పూర్తిగా ఆగాకే ఎత్తాలని ఆయన వందసార్లు చెప్పారు. ఆరోజు ఇరవై ఫ్రేముల పట్టీలు కోయాల్సి ఉంది, తొందరలో బ్లేడు తిరుగుతుండగానే ఎత్తేశాను. తెగిన చిన్న ముక్క బ్లేడు పళ్ళకు తగిలి రివ్వున ఎగిరి వెనక రేకుకు కొట్టుకుంది. రేకు సొట్టపడింది. నేను బ్లేడుకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు నిలబడి ఉన్నాను, అదొక్కటే నన్ను కాచింది. చప్పుడు విని మా ఆయన పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చారు. బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. తన వేలు పోయాక మొదటిసారి ఆయన ఆ చప్పుడులో నిలబడ్డారు. నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, వేళ్ళు లెక్కపెట్టారు. పైకే లెక్కపెట్టారు, పది దాకా. తర్వాత నన్ను గట్టిగా తిట్టారు. పెళ్ళయ్యాక అంత గట్టిగా తిట్టడం అదొక్కసారే.

ఇంకో సంగతి బ్లేడు సానపట్టే చాచా దగ్గర నేర్చుకున్నాను. బజార్లో చిన్న డబ్బా కొట్టు ఆయనది. కోసిన అంచులు నల్లగా కాలుతున్నాయని, చేత్తో నొక్కి నొక్కి దించాల్సి వస్తోందని చెబితే, బ్లేడు పళ్ళ మీద గోరు పెట్టి చూశాడు.

"బేటీ, దీనికి పదును ఎప్పుడో పోయింది. పదునున్న బ్లేడు మంచిదే. మొండిదానితోనే డేంజర్. నువ్వు జోర్ పెడతవ్, అది జారుతది."

నేను గాజుల్లేకుండా వెళ్ళానని ఆయన చూసే ఉంటాడు. ఫ్రేముల పనికి పళ్ళు ఎక్కువున్న బ్లేడు వెయ్యమని మాత్రం చెప్పాడు. వేశాను. అంచులు అద్దంలా వచ్చాయి. అప్పటినుంచి మా ఫ్రేముల మూలల్లో సందు వెతికి చూపించమని కొనేవాళ్ళను నేనే అడిగేదాన్ని.

చిరాగ్‌పల్లిలో కొత్త ఇంటి పని వచ్చేనాటికి నేను మిషన్ పట్టి ఏడాది దాటింది. ఒక బట్టల వ్యాపారి కట్టించుకుంటున్న ఇల్లు అది. హాల్లో గోడకూ కప్పుకూ మధ్య ఏటవాలుగా కూర్చునే చెక్క పట్టీ వేయించాలని ఆయనకు కోరిక. ఫ్రేముల మూలలు చూసి మమ్మల్ని పిలిచారు. మిషన్ ఆటోలో వేసుకుని ఇద్దరం వెళ్ళాం. అక్కడ పని చేయిస్తున్న మేస్త్రీ మొదట మా ఆయన చెయ్యి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"కోసేది ఎవరు?"

"నేనే," అన్నాను.

"మంచిగనే ఉంది." అని నవ్వి, నేను బల్ల మీద మిషన్ పెట్టాక దగ్గరికి వచ్చి గార్డును వేలితో పైకి ఎత్తి చూశాడు. "చెల్లె, దీన్ని కట్టెయ్. గిట్లయితే పొద్దుగూకుతది. నాకు రేపటికల్లా హాలు కావాలె."

"కట్టను."

"నా దగ్గర ఇన్నేండ్లు పని చేసినోళ్ళు అందరు కట్టే చేసిన్రు."

"ఎవరికి ఎన్ని వేళ్ళు ఉన్నయో అడిగినవా వాళ్ళను?"

మా ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు. ఆయనకు బాధ కలుగుతుందని తెలిసే అన్నాను. మేస్త్రీ మొహం ఎర్రబడింది. ఆడవాళ్ళతో పని పెట్టుకుంటే ఇట్లాగే ఉంటుందని ఎవరితోనో అన్నట్టు గోడతో అన్నాడు. నేను పోయి ప్లగ్గు పీకాను, వైరు చుట్టాను, మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కట్టకుండా అయితే కోస్తాను, లేకపోతే ఆటో పిలుచుకుంటామన్నాను. మా ఆయన కూడా వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. ఆయన అట్లా కూర్చోవడం నాకు ఎంత బలమైందో ఆయనకు ఇప్పుడు చదివితేనే తెలిసింది.

మేస్త్రీ తన మిషన్ తెప్పించాడు. తనే కోశాడు. పట్టీని బల్ల మీద పడుకోబెట్టి, తల ఒకవైపు తిప్పి, ఇంకోవైపు వాల్చి, రెండు కోణాలూ ఒకేసారి వచ్చేలా కోయాలి. ఆ మాత్రం అతనికి వచ్చు. కానీ గోడకెత్తి పెడితే మూలలో వేలు దూరేంత సందు. మళ్ళీ కోశాడు. మళ్ళీ సందే. రెండు పొడుగు పట్టీలు పాడయ్యాయి. ఇంటాయన వచ్చి చూసి వెళ్ళారు, ఆయన మొహం బాగాలేదు.

మా ఆయన నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "గోడ తప్పు. గునియాకు లేదు."

గునియా అంటే మూలమట్టం. లేచి రెండు సన్నని కర్రలు మూలలో గోడలకు ఆనించి, అవి కలిసిన చోట బిగించి, కిందికి దించి కోణం చూశాం. తొంభై డిగ్రీలు ఉండాల్సింది తొంభై రెండుంది. మేస్త్రీకి చూపించాను. ఆ గోడ కట్టించింది అతనే. "కానియ్, నీ తీరుగనే కానియ్" అన్నాడు.

అప్పుడు ప్లగ్గు పెట్టాను. కాదు, పెట్టే ముందు తల వాల్చి, చప్పుడు లేకుండా ఒకసారి కిందిదాకా దించి చూశాను. తల వాలినప్పుడు బ్లేడు దారిలో క్లాంపు అడ్డొస్తుంది. ఆరోజూ అడ్డొచ్చింది, దాన్ని పక్కకు జరిపాను. తుక్కు ముక్కల మీద మూడుసార్లు కోసి, ఆ మూలలో పెట్టి చూసి, కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోయాను. నాలుగోసారి సందు మూసుకుంది. అప్పుడు అసలు పట్టీ, కావలసిన దానికంటే పిసరంత పొడుగ్గా కోసి, తర్వాత గోటి మందం చెక్కినట్టు తీశాను. మూల అతికింది.

అంతా గెలుపే అనుకోకండి. మూడో మూలకు వచ్చేసరికి కుడి ముక్కను ఎడమ ముక్కలా కోసేశాను. ఆ పట్టీని తలకిందులుగా ఊహించుకోవాలి, ఒక్కోసారి బుర్ర తిరుగుతుంది. ఒక పట్టీ నా చేతుల్లోనూ పాడయింది. మేస్త్రీ నోరు తెరవబోయాడు. "నీవి రెండు, నాది ఒకటి" అన్నాను. ఆ సాయంత్రానికి కాలేదు, మర్నాడు మధ్యాహ్నానికి అయింది. ఇంటాయన భార్య హాల్లో నిలబడి నాలుగు మూలలూ చూసి, తమలపాకుల్లో పసుపు, కుంకుమ పెట్టి ఇచ్చింది. నా చేతులకు గాజులు లేవని ఆమె చూసింది. చూసి కూడా ఇచ్చింది.

మా అత్తమ్మకు ఆ ఇంటి హాలు ఫోన్‌లో చూపిస్తే, "మంచిగుంది" అంది. తర్వాత వెంటనే, "పోయి గాజులు తొడుక్కో" అంది. ఆమె మారలేదు, నేనూ మారలేదు. ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. మా ఆయన కొలతలు తీస్తారు, గీతలు గీస్తారు, అతికిస్తారు. మిషన్ మోగినప్పుడు ఇప్పటికీ బయటికే పోతారు. దాన్ని నేను పిరికితనం అనను, ఎవరినీ అననివ్వను.

నెల తర్వాత ఆ మేస్త్రీ ఫోన్ చేశాడు. రాయికోడ్‌లో రెండిళ్ళు ఉన్నాయట, రెండింటికీ అదే పట్టీ. "గార్డు సంగతి నేనేం మాట్లాడ, నీ ఇష్టం" అన్నాడు. పెద్ద పని. మాకు కావలసిన పని.

"నీ మిషన్‌కు తీగ తీసినవా?" అని అడిగాను.

"నా మిషన్‌తోని నీకేం పని చెల్లె?"

"దాని పక్కన నిలబడి పని చెయ్యాల్సింది నేను, మా ఆయన. అది తీసినంక ఫోన్ చెయ్."

అతను పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. ఆ రెండిళ్ళకూ ఇంకెవరో పట్టీలు వేశారు. ఆరోజు నేను ఫోన్ బల్ల మీద పెట్టి, తర్వాతి పట్టీ తీసి అడ్డుకు ఆనించాను.